తిన్న చిన్నమ్మా!

జనగామలో ఎక్కిన బస్సు ఆలేరు, భువనగిరి, బీబీనగర్ మీదుగా ఘట్‌కేసర్ దాకా హాయిగా వచ్చింది. నారపల్లి నుంచి నత్తనడక. రోడ్డు నడుమ ఎలివేటెడ్ కారిడార్ పిల్లర్లు, వాటికి అటూ ఇటూ దుమ్ము, హారన్లు. మేడిపల్లి దాటాక కండక్టర్ "బోడుప్పల్ దిగేటోళ్లు ముందటికి రండ్రి" అని అరుస్తాడు. ఒక చేత సంచి, ఇంకో చేత తంగేడు పూల మూట పట్టుకుని దిగుతారు. సిటీలో తంగేడు కట్ట ఎంత పిరమో అక్క ఫోన్లో పదే పదే చెప్పింది మరి.

మీరు ఈ ఇంటికి చిన్నమ్మ. జనగామ దగ్గరి ఓ పల్లెలో అంగన్‌వాడీ టీచర్. పిల్లల్ని తూకం వేయడం, చార్టు మీద చుక్క పెట్టడం, ఐదేళ్ల లోపు పిల్లల దండకు టేపు చుట్టి చూడడం మీ పని. 11.5 సెంటీమీటర్ల కింద ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన పచ్చ. ఎరుపు వస్తే ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆకలంటే మీరెరిగింది ఒక్కటే, ఇంట్లో లేక పడేది. రెండు తలుపుల ఫ్రిజ్ నిండుగా ఉన్న ఇంట్లో ఆకలి ఎట్లా ఉంటుందో మీరింకా చూడలేదు.

అక్క కూతురికి పదిహేడేళ్లు. ఇంటర్ సెకండియర్, హాస్టల్లో చదువు, దసరా సెలవులకు వచ్చింది. ఆ పిల్లకు ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఈ ఇల్లూ ఏ ఒక్కరి ఇల్లూ కాదు. పేరు పెడితే "ఎవరి పిల్ల?" అని వెతుకుతారు, పక్కగదిలో ఉన్న సొంత పిల్లను మరిచిపోతారు.

తలుపు తీసింది తనే. బయట ఎండ చురచుర కాలుస్తుంటే ఒంటి మీద ఫుల్ చేతుల హుడీ. మీ నోటి వెంట అలవాటుగా వచ్చేస్తుంది:

"ఏమే, గింత బక్కగైనవ్!"

ఆ మాటకు పిల్ల ముఖం వెలిగింది. ఇన్నేళ్లలో మీరు తెచ్చిన ఏ గాజులకూ, ఏ డ్రెస్సుకూ అంత సంతోషపడలేదు. లోపలి నుంచి అక్క గొంతు, కాస్త గర్వంగానే: "డైట్ జేస్తున్నది చెల్లె. మనలెక్క కాదు, మస్తు పట్టుదల." పక్కింటావిడ గుమ్మంలోంచే అందుకుంది. "ఏం జేసినవే? జర మా పోరికి గూడ చెప్పు." సంచి అందుకుంటున్న చెయ్యి మీకు తగిలింది. ఎండలో నిలబడ్డ మనిషి చెయ్యి కాదది, అంత చల్లగా ఉంది.

ఆ రోజు అలిగిన బతుకమ్మ. తొమ్మిది రోజుల పండుగలో ఆరో రోజు, ఆ పూట అమ్మవారికి నైవేద్యం పెట్టరు. మధ్యాహ్నం కంచాలు వేశారు. పచ్చిపులుసు, బీరకాయ కూర, పప్పు. "రావే, కూసో" అంటే పిల్ల నవ్వింది. "ఇయ్యాల అమ్మవారే తినది, నన్నెందుకు తినుమంటరు?" అందరూ నవ్వారు. మీరు కూడా. మళ్లీ అడిగితే "తిన్న చిన్నమ్మా, ఇందాకనే" అంది. అక్కను చూస్తే అక్క మిమ్మల్ని చూసింది. ఎప్పుడు తిన్నదో ఆమెకూ తెలియదు.

రాత్రి గ్యాస్ వచ్చినట్టుందట, ఆకలైతలేదట. సోమవారం శివుడిది, శనివారం వెంకన్నది, ఈ నవరాత్రుల్లో ఒక్క పూటేనట. మూలన మంచం మీద ఉన్న మీ అమ్మ, అంటే పిల్లకు అమ్మమ్మ, మురిసిపోయింది. "నా మనుమరాలికి భక్తి జాస్తి." మిగిలిన రోజులకు చదువు ఉంది, పరీక్ష ఉంది, కడుపునొప్పి ఉంది. మన ఇళ్లలో ముద్ద మానేయడానికి మర్యాదైన కారణం దొరకని రోజు లేదు. ఈ జబ్బు ఇన్నాళ్లు కళ్ల ముందే తిరిగినా పట్టుబడకపోవడం అందుకే. దొంగచాటుగా జరిగేది కొంచెమే. మిగతాదంతా మన మెచ్చుకోళ్ల నడుమే జరిగిపోతుంది.

మన దేశపు డాక్టర్లకు కూడా ఇది వెంటనే చిక్కలేదు. పాశ్చాత్య పుస్తకాల్లో రాసిన రోగి "నేను లావుగా ఉన్నాను, లావైపోతానని భయం" అంటుంది. 1995లో ఢిల్లీ మానసిక వైద్యులు ఖండేల్వాల్, శరణ్, సక్సేనా తమ దగ్గరికి వచ్చిన ఐదుగురు అమ్మాయిల గురించి ఒక పత్రం రాశారు. తిండి మానేశారు, ఒళ్లు చిక్కిపోయింది, అయినా తమ శరీరం లావుగా ఉందన్న భ్రమ వాళ్లలో కనిపించలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు కూడా తన రోగుల్లో ఇదే చూశాడు. వాళ్లు చెప్పింది కడుపు ఉబ్బరం, ఆకలి లేకపోవడం. అంటే బోడుప్పల్ పిల్ల "గ్యాస్" అన్నంత మాత్రాన ఊపిరి పీల్చుకోవద్దు. అట్లాగని వచ్చిన ప్రతి గ్యాస్‌నూ అనుమానించమనడం లేదు. నెలల తరబడి గ్యాసు, ఒళ్లు కరుగుతున్న గ్యాసు, అద్దం ముందు గంటలు నిలబెట్టే గ్యాసు వేరు.

ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన రోగం అని కొట్టిపారేయకండి. 1873లోనే పారిస్‌లో లాసెగ్, లండన్‌లో విలియం గల్ అనే వైద్యులు విడివిడిగా దీన్ని వర్ణించారు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టిందే. అప్పటికి సినిమా కూడా పుట్టలేదు.

ఏడో రోజు, వేపకాయల బతుకమ్మ. తెల్లవారకముందే మెలకువ వస్తుంది. పైన డాబా మీద అడుగుల చప్పుడు. ఒక కొస నుంచి ఇంకో కొసకు, మళ్లీ వెనక్కి, గడియారంలా. కాసేపటికి మెట్లు. దిగడం, ఎక్కడం. మీరు తలుపు తీసి చూస్తే చెమట లేని ముఖం, నీలంగా మారిన గోర్లు. "వాకింగ్ చిన్నమ్మా." ఇంత పొద్దుగాలనా అంటే జవాబు లేదు. ఆ నడక ఒక్క పూట ఆగితే పిల్ల ఎంత అల్లాడిపోతుందో తర్వాత వానపడ్డ సాయంత్రం చూస్తారు. పైకి పోలేక హాల్లోనే సోఫా చుట్టూ తిరుగుతుంది. చదువుతున్నప్పుడు కూడా కూర్చోదు, పుస్తకం పట్టుకుని నిలబడే ఉంటుంది.

పొద్దెక్కాక వంటింట్లో మిమ్మల్ని ఆశ్చర్యపరిచే దృశ్యం. వేపకాయల ఆకారంలో పిండిని వత్తి నూనెలో వేస్తున్నది ఆ పిల్లే. పక్కన ఫోన్లో వంటల వీడియో. అది అయిపోతే ఇంకోటి, బిర్యానీ, చీజ్ కేక్, అరిసెలు. కళాయి నుంచి దించినవి అందరికీ తనే పంచుతుంది. "ఇంకోటి తిను చిన్నమ్మా, మంచిగయినయా?" వేలికి అంటిన పిండిని మాత్రం నాలుకకు తాకనీయదు, నల్లా కింద కడిగేస్తుంది. అక్క మళ్లీ మురిసిపోతుంది: "వంట మంచిగ నేర్చుకున్నది."

ఈ దృశ్యానికి అర్థం అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది. 1944 నవంబరులో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వాళ్లంతా యుద్ధానికి పోమని మనస్సాక్షి కారణంగా నిరాకరించినవాళ్లు, ఈ సేవకు తామే ముందుకు వచ్చారు. యుద్ధం ముగిశాక యూరప్‌లో పస్తులున్న జనాన్ని ఎట్లా తేర్చాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆరు నెలలు వాళ్లకు సగం తిండే పెట్టారు. ముందు మూడు నెలలు మామూలుగా తిన్న అదే మనుషులు వంటల పుస్తకాలు పోగు చేయడం మొదలుపెట్టారు. కంచంలోది చిన్నచిన్న ముక్కలు చేసి గంటల సేపు తిన్నారు. నలుగురిలో కలవడం మానేశారు, చిరాకు, దిగులు, ఎప్పుడూ చలి. తిండి మళ్లీ దొరికినప్పుడు కొందరు ఆపుకోలేక తిన్నారు, తిని తమను తామే అసహ్యించుకున్నారు. వాళ్లలో ఎవరికీ ముందు ఏ మానసిక రోగమూ లేదు. మనం పిల్ల స్వభావం అనుకునేదాంట్లో చాలా భాగం ఆకలి చేసే పని.

ఎందుకు మొదలైందన్నది ఒక ప్రశ్న, మొదలయ్యాక ఎందుకు ఆగడం లేదన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు ఎక్కువగా ఇదే. ఆకలితో ఎండిన మెదడు మొండిదవుతుంది. అప్పుడు "బుద్ధి తెచ్చుకో, తిను" అంటే వినే స్థితిలో ఉండదు.

ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మ. పొద్దున నువ్వులు, బెల్లం, వెన్న కలిపి ముద్దలు చేశాక, పండుగ బట్టలకని అక్క, మీరు, పిల్ల బయలుదేరుతారు. ఆటోలో ఉప్పల్, అక్కడ స్కైవాక్ ఎక్కి మెట్రో. ఆ మెట్ల మీదే పిల్ల ఒక్క క్షణం రెయిలింగ్ పట్టుకుని ఆగింది. కళ్లు మూసుకుంది. "ఏం లేదు, జర కండ్లు తిరిగినయ్." మెట్రోలో ఏసీ కింద వణుకుతుంటే మీ కొంగు కప్పారు. మెడ వెనక, ముంజేతుల మీద నూగులాంటి సన్నని వెంట్రుకలు అప్పుడు కనిపించాయి. కొవ్వు కరిగిపోయిన ఒళ్లు తనను తాను వెచ్చగా ఉంచుకోవడానికి పడే పాట్లలో అదొకటి. పొద్దున దువ్వెనలో చుట్టుకున్న జుట్టు గుర్తొస్తుంది.

హబ్సిగూడ దాటి తార్నాక వస్తోంది. ఆ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రం 1958లో ఇక్కడికి తరలివచ్చింది. జొన్న తినే మన తెలంగాణ పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు ఎందుకొస్తోందో తేల్చే పనిలో శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతయ్య ఏళ్లు గడిపింది ఈ సంస్థలోనే. మీ అంగన్‌వాడీ చార్టుల వెనక ఉన్న లెక్కల్లో వీళ్ల పాలు ఎంతో. లేనివాడికి ఏం పెడితే బతుకుతాడన్నది ఆ తరం ప్రశ్న. ఆ భవనాల పక్కనుంచి పోతున్న ఈ పిల్ల సంచిలో అమ్మ పెట్టిన రెండు వెన్నముద్దలు ఉన్నాయి, వాటిని స్టేషన్ బయట చెత్తబుట్టలో వేయడం మీరు చూశారు.

బట్టల దుకాణంలో ట్రయల్ రూంలోకి ఎవరినీ రానివ్వదు. తనకంటే రెండు సైజులు పెద్దది తీసుకుంటుంది. అక్క మీ చెవిలో చెప్పిన మాట మాత్రం మీ గుండెను పట్టుకుంటుంది: "ఈసారి బతుకమ్మకు అడ్డం రాలేదు చెల్లె. శ్రావణంల గూడ రాలే. దేవుని దయ."

మీరు లెక్క వేస్తారు. శ్రావణం, భాద్రపదం, ఇప్పుడు ఆశ్వయుజం. వరుసగా నెలసరి రాకపోతే అది దయ కాదు. ఒళ్లు తనకు ప్రాణం నిలుపుకోవడమే కష్టమైపోయి మిగతా పనులు ఆపేసింది. ఎముకలు గట్టిపడాల్సిన వయసులో ఈ లోటు ముసలితనం దాకా వెంటాడుతుంది. పూజకు అడ్డం రాలేదని సంతోషించే ఇంట్లో ఈ గుర్తు ఎంత తేలిగ్గా జారిపోతుందో చూడండి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మ పోరు పడలేక పిల్ల కూర్చుంది, తిన్నది కూడా. తర్వాత బాత్రూంలో నల్లా చాలాసేపు నడిచింది. బయటికి వచ్చినప్పుడు కళ్లలో ఎర్రజీర, నోట్లో పుదీనా బిళ్ల. చెంపల కింద వాపు ఉంటే, పళ్ల మీది పింగాణీ కరుగుతుంటే, చేతి వేళ్ల కణుపుల మీద మానని గాట్లు ఉంటే పళ్ల డాక్టరే మొదట పట్టుకునే జబ్బు ఇది. ఆ వేళ్ల మచ్చలకు వైద్యంలో రసెల్ గుర్తు అని పేరు. తిని వాంతి చేసుకునే బులీమియా జబ్బును 1979లో వివరించిన లండన్ వైద్యుడు జెరాల్డ్ రసెల్ పేరు మీద వచ్చింది. బులీమియా ఉన్నవాళ్లు చాలామంది చూడ్డానికి బక్కగా ఉండరు, మామూలుగానే ఉంటారు. వాంతులతో రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఆ ప్రమాదం అద్దంలో కనిపించదు, తూకంలోనూ కనిపించదు.

పక్కింటి పిల్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "మా పోరికి గూడ చెప్పు" అన్న ఆవిడ కూతురు. ఒళ్లున్న పిల్ల. మంచం కింద ఊడుస్తుంటే చిప్స్ కవర్లు, కేక్ డబ్బాలు గుట్టగా బయటపడ్డాయని తల్లి నలుగురిలో చెప్పి నవ్వుతుంది. ఆకలి లేకున్నా, కడుపు నొప్పి పుట్టేదాకా, ఒంటరిగా, ఆపలేక తినడం, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం, ఇది వారాల తరబడి జరుగుతుంటే అదీ జబ్బే. బింజ్ ఈటింగ్ అంటారు. 1959లోనే ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే వైద్యుడు వర్ణించినా, అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో దానికి విడిగా చోటు దొరికింది 2013లో. ఈ జబ్బుల్లో ఎక్కువమందికి ఉండేది అదే. బక్క పిల్లకు మెప్పు, బొద్దు పిల్లకు తిట్లు. ఇద్దరినీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలని ఆ మాట విన్న ఆడవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ఎదురు సందులో జిమ్ బోర్డు కింద ప్రోటీన్ డబ్బా ఊపుతూ, పెళ్లి భోజనానికి కూడా ఉడకబెట్టిన గుడ్ల డబ్బా పట్టుకుపోయే కుర్రాళ్ల గురించి అసలు ఎవరూ అనుకోరు.

ఎనిమిదో రోజు రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీదికి పోతారు. పిల్ల అక్కడే ఉంది. దూరంగా వరంగల్ హైవే మీద లారీల వెలుగులు. ఏం మాట్లాడాలి? బరువు గురించి వద్దు, అందం గురించి వద్దు, "నువ్వు తింటలేవు" అని దొంగను పట్టినట్టు వద్దు. చూసింది చెప్పండి, అంతే.

"మెట్రో మెట్ల మీద నీకు కండ్లు తిరిగినయ్ బిడ్డా. చేతులు సల్లగుంటున్నయ్. నాకు బుగులైతున్నది."

చాలాసేపు మౌనం. తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఫస్టియర్లో హాస్టల్‌కు పోయాక ఒళ్లొచ్చింది. ఎవరో ఏదో పేరు పెట్టి పిలిచారు. అదే నెలలో వీకెండ్ టెస్టులో ర్యాంకు జారి సెక్షన్ మార్చారు. సెలవులకొస్తే అందరూ "బొద్దుగైనవ్" అన్నారు. మీరు కూడా అన్నారట. మీకు గుర్తే లేదు. ఒక రోజు అన్నం మానేసింది. "ఆ రోజు మస్తు మంచిగనిపించింది చిన్నమ్మా. ఇదొక్కటన్న నా చేతులున్నది అనిపించింది. ఇప్పుడు నా చేతులనే లేదు."

అప్పుడు కారణం ఎవరు? పేరు పెట్టి పిలిచిన పిల్లా, ర్యాంకులా, మీరా? అట్లాంటి మాటలు వేలమంది పడతారు, వేలమంది డైట్ చేస్తారు, జబ్బు కొందరికే వస్తుంది. కవలల మీద జరిగిన పరిశోధనలు అనొరెక్సియాలో వంశపారంపర్యం వాటా సగం లేదా అంతకు కొంచెం ఎక్కువ అంటున్నాయి. 2019లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం దీనితో ముడిపడ్డ ఎనిమిది జన్యు స్థానాలను గుర్తించింది. ఈ జబ్బు జన్యు మూలాలు కొంత మానసిక జబ్బులతో, కొంత ఒళ్లు శక్తిని వాడుకునే తీరుతో కలుస్తాయని కూడా చెప్పింది. దానికి తోడు స్వభావం. తప్పు పోకూడదనే పట్టుదల, ఎప్పుడూ లోపల ఒక ఆందోళన. దిద్దిన నోట్సు మళ్లీ రాసే పిల్లలు, టీచర్లు మెచ్చుకునే పిల్లలు. వాళ్ల మీద లోకం పడుతుంది. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అంతవరకు నిండైన ఒళ్లే అందమనుకున్న ఊళ్లవి. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం అప్పుడు అడిగితే, బరువు తగ్గడానికి వాంతి చేసుకున్నామన్న బడిపిల్ల ఒక్కతీ లేదు. 1998లో అడిగితే నూటికి 11 మంది ఉన్నారు.

మన దగ్గర సన్నని హీరోయిన్, కొబ్బరి నూనె డైట్, "పెళ్లికి ముందు పది కిలోలు తగ్గు" అనే సంబంధాలవాళ్లు అన్నీ ఉన్నాయి. బరువు తగ్గించే క్లినిక్‌ల మోసం మీద 2015లో సైజ్ జీరో అని సినిమానే వచ్చింది. జనం మాట్లాడింది మాత్రం కథ గురించి కంటే హీరోయిన్ అనుష్క ఎన్ని కిలోలు పెరిగిందన్నదాని గురించే ఎక్కువ.

ఒక మాట తల్లుల కోసం. వెనకటి వైద్యులు ఈ జబ్బుకు తల్లి పెంపకాన్నే తప్పు పట్టేవాళ్లు. ఆ మాటను ఇప్పుడు వైద్యం వదిలేసింది. అక్క తప్పు చేయలేదు. ఇక నుంచి ఆమే పెద్ద మందు.

తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మ. పొద్దున్నే వంటిల్లంతా చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పల్లి పొడి వాసనలు. మలీద ముద్దలు. మీరు అక్కను, బావను లోపలి గదిలోకి పిలిచి చెబుతారు. అనుకున్నట్టే జరుగుతుంది. బావ నాచారంలో కంపెనీ డ్యూటీ చేసి వచ్చి అలిసిపోయి ఉన్నాడు. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకపోమంటవా? రేపు సంబంధమెట్ల కుదురుతది?" అమ్మమ్మ అప్పటికే ఎండు మిరపకాయలు, ఉప్పు తెచ్చి దిష్టి తీస్తోంది. తీయనివ్వండి, దాంతో నష్టం లేదు. అక్క మాత్రం ఏడుస్తూ "రేపటి సంది నేనే ముద్దలు జేసి నెయ్యి పోసి పెడత, ఎట్ల తినదో చూస్త" అంటుంది. దాంతో నష్టం ఉంది. ఎంతో కాలం తిండి లేని ఒంట్లోకి ఒక్కసారిగా తిండి కుక్కితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో చెరల నుంచి విడుదలైన ఖైదీలు పస్తులతో కాక తిండి పెట్టాక చనిపోతుంటే వైద్యులకు ఇది అర్థమైంది. బాగా చిక్కిన పిల్లకు తిండి పెంచడం రక్త పరీక్షలు చూస్తూ, డాక్టర్ చెప్పిన లెక్కలో జరగాలి.

బావను కదిలించింది వేరే మాట. 2025 మార్చిలో కేరళలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇట్లాగే చనిపోయిందన్న వార్త. తల్లిదండ్రులు పెట్టిన తిండిని దాచేసి, నెలల తరబడి వేడినీళ్లతో గడిపింది. ఆన్‌లైన్లో చూసిన డైట్లు పాటించిందని పత్రికలు రాశాయి. బావ ఏమీ అనలేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. వచ్చాక "రేపు పొద్దుగాల పోదాం" అన్నాడు.

సాయంత్రం గునుగు, తంగేడు, బంతి పూలతో నిలువెత్తు బతుకమ్మలు. కాలనీ ఆడవాళ్లంతా గుండ్రంగా చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పిల్ల కూడా తిరిగింది, ఆగకుండా, అందరికంటే ఎక్కువసేపు. నీళ్లలో వదిలాక సద్దులు పంచుతున్నప్పుడు ఆకులో ఐదు ముద్దలు పట్టుకుని ఎవరివైపూ చూడకుండా నిలబడింది. అక్క పక్కన పోయి కూర్చుంది. తిను అనలేదు. మీరు నేర్పిన మాటే అంది: "రేపు డాక్టర్ దగ్గరికి పోదాం బిడ్డా. నేనుంట."

నవమి పొద్దున తెరిచి ఉన్న ఒక క్లినిక్. మీ అదృష్టం బాగుంది, ఆ లేడీ డాక్టర్ "తింటే అదే తగ్గుద్ది" అని మల్టీవిటమిన్ రాసి పంపలేదు. పిల్లను వెనక్కి తిప్పి నిలబెట్టి తూచింది, అంకె పిల్లకు కనిపించకుండా. పడుకోబెట్టి బీపీ, నాడి చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది. ఈసీజీ తీసింది. పొటాషియం, ఫాస్ఫేటు, చక్కెర, రక్తం పరీక్షలు రాసింది. నెలసరి అడిగింది. మీ అందరినీ బయటికి పంపి పిల్లతో ఒంటరిగా మాట్లాడింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగింది. ఆ ప్రశ్న తప్పకుండా అడగాలి. మానసిక జబ్బులన్నిటిలో అనొరెక్సియా మరణాలు చాలా ఎక్కువ. గుండె వల్ల కొన్ని, ఆత్మహత్యల వల్ల కొన్ని.

నాడి నిమిషానికి 48. "మెలకువగా ఉన్నప్పుడు 50 కంటే తక్కువంటే ఇంట్లో ఉంచేది కాదు. ముందు వార్డులో చేర్చి ఒళ్లు నిలబెడదాం, పక్కనే సైకియాట్రీ వాళ్లు చూస్తారు" అంది డాక్టర్. ఇట్లాంటి పిల్లకు పిల్లల డాక్టరో, జనరల్ ఫిజీషియనో, మానసిక వైద్యుడు, డైటీషియన్ అందరూ కలిసి కావాలి. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి, ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. మీరు వచ్చిన దారిలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది.

వార్డు నుంచి ఇంటికి వచ్చాక అసలు పని. చిన్నవయసు పిల్లలకు బాగా పనిచేస్తుందని తేలిన పద్ధతి 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం కొంతకాలం పిల్ల చేతుల్లోంచి తీసి అమ్మానాన్నలు తీసుకుంటారు. ప్రతి పూటా పక్కన కూర్చుంటారు, తిట్టరు, బతిమాలరు, బేరమాడరు, లేవరు కూడా. ఒళ్లు తేరుకున్నకొద్దీ నిర్ణయాలు మళ్లీ పిల్లకు అప్పగిస్తారు. దీనికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. హాస్టల్ మానాలి. ఇంటర్ ఒక సంవత్సరం పోవచ్చు. తెలుగు ఇంట్లో ఈ మాట ఎంత బరువైందో తెలిసే రాస్తున్నాను. పోనివ్వండి.

మీ ఇంట్లో, మీ సెంటర్‌కు వచ్చే కిశోర బాలికల్లో, మీ బడిలో ఇట్లాంటి పిల్లో పిల్లాడో ఉన్నట్టు అనిపిస్తే పండుగ అయ్యేదాకా, పరీక్షలు అయ్యేదాకా ఆగకండి. ఎక్కడికి పోవాలో తోచకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. సొమ్మసిల్లినా, గుండె దడదడలాడినా, నీళ్లు కూడా నిలవకున్నా ఫోన్లూ వద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. ఈసారి చుట్టాలింటికి పోయినప్పుడు గుమ్మంలో నిలబడి "బక్కగైనవ్" అనో "బొద్దుగైనవ్" అనో మాత్రం అనకండి.